గోటి చప్పుడు

టక్‌మని బల్ల మీద గోటితో కొట్టిన చప్పుడు మళ్ళీ వినిపించింది. గోపాలప్ప తల తిప్పకుండా కంటి చివర నుంచి చూశాడు. చప్పుడుతో పాటే ఆ కుర్రాడి వేళ్ళు బ్యూరెట్ మరను బిగించేశాయి.

రాబర్ట్‌సన్‌పేటలోని ఆ పీయూ, అంటే ఇంటర్ కాలేజీకి కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష జరిపించడానికి గోపాలప్ప కోలారు నుంచి వచ్చాడు. కాపీలు పట్టుకోవడంలో పేరున్న ఎగ్జామినర్. కుర్రాడి నంబరు చూసి పేరు కనుక్కున్నాడు. సెల్విన్. గోటితో కొట్టింది పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి, సవిత.

నింపాదిగా నడిచి వెళ్ళి సెల్విన్ ఫ్లాస్కు పైకెత్తి చూశాడు. లేత గులాబీ, సరిగ్గా ఆపాల్సిన రంగు. పర్మాంగనేట్ ఒక్క చుక్క ఎక్కువ పడినా ఆ రంగు ముదిరిపోతుంది. అనుభవమున్న వాళ్ళకే అంత చక్కగా కుదరదు. మెచ్చుకోవాల్సింది పోయి ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

దూరంగా నిలబడి కనిపెట్టసాగాడు. ఈసారి వంతు సవితది. ఏదో గుర్తించమని తనకిచ్చిన లవణంలో యాసిడ్ పోసి వేడి చేసింది. పొగ లేస్తుండగా టెస్ట్‌ట్యూబును తన ముక్కు దగ్గరికి కాక, ఏమీ ఎరగనట్టు సెల్విన్ వైపు జరిపింది. వాడు తల ఎత్తకుండానే పెదవులు కదిపాడు. ఆమె వెంటనే పేపరు మీద ఏదో రాసుకుంది.

ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తోందన్న మాట.

కాలేజీ లెక్చరర్ మోనికాను పక్కకు పిలిచి చూసినదంతా చెప్పాడు. ఇద్దరూ బాగా చదివే పిల్లలేననీ, మొదటి సంవత్సరం నుంచీ పక్కపక్కనే ప్రయోగాలు చేస్తున్నారనీ ఆమె నచ్చజెప్పబోయింది. అందుకే ఇంత బాగా అలవాటైందన్నాడు ఆయన. కాపీ అని తేలితే ఇద్దరినీ పరీక్ష నుంచి తప్పిస్తాననీ, ఏడాది పోయిందని తర్వాత ఏడ్చి లాభం లేదనీ తేల్చి చెప్పాడు.

సవితను లాబ్ చివర కిటికీ పక్కకు మార్చాడు. వెళుతూ ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. సెల్విన్ ముఖం వాడిపోయింది.

"మళ్ళీ మొదట్నుంచి చెయ్యప్పా," అని గోపాలప్ప వాడికి ఎదురుగా నిలబడ్డాడు.

సెల్విన్ మర తిప్పాడు. చుక్క తర్వాత చుక్క పడింది. లేత గులాబీ వచ్చింది. వాడు ఆపలేదు. నటిస్తున్నాడేమో అనుకున్నాడు గోపాలప్ప. చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఫ్లాస్కు వంకాయ రంగుకు తిరిగాక గానీ వాడు మర బిగించలేదు.

"రంగు వచ్చి ఎంతసేపయింది? ఎందుకు ఆపలేదు?"

"యాడ వచ్చింది సార్?"

ఆ గొంతులో దొంగతనం లేదు. గోపాలప్ప జేబులోంచి ఎర్ర పెన్నూ పచ్చ పెన్నూ తీసి ఏది ఏదో చెప్పమన్నాడు. సెల్విన్ రెండింటినీ మార్చి మార్చి చూసి తల దించుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతేనని మెల్లగా చెప్పాడు. ముదురు రంగులైతే నల్లగా తెలుస్తాయట, లేత ఎరుపు మాత్రం నీళ్ళలాగే ఉంటుందట. తెలిస్తే సైన్సులో సీటు ఇవ్వరేమోనని ఎవరికీ చెప్పలేదట. సవిత ఒక్కతే కనిపెట్టిందట.

గోపాలప్ప పెన్నులు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మోనికాను పిలిచి, తన ఎదుటే రంగు చెబుతూ వాడి చేత ఇంకోసారి చేయించమన్నాడు.

కానీ అనుమానం పోలేదు. మొత్తంగా సవిత మీదికి మళ్ళింది. కుర్రాడికి కళ్ళ లోపం ఉంది, సరే. అంత లేత రంగును పక్క బల్ల నుంచి పట్టే పిల్లకు ఏం లోపం? చదవకుండా వచ్చి, వాడి గుట్టును అడ్డం పెట్టుకుని జవాబులు లాగుతోంది. వాడి కంటే ఈమెదే పెద్ద తప్పనిపించింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి సవిత ముందున్న లవణం తీసేశాడు. బీరువాలోంచి తానే ఏరి ఇంకొకటి తెచ్చి పెట్టాడు. పుస్తకం తెరవని వాళ్ళు కూడా తప్పు చెప్పలేని సల్ఫైడ్ అది.

"వానికి కండ్లు సరిగా లేవు, సాయం చేసినావు. బాగుండాది. వాని దగ్గర నువ్వెందుకు అడిగి రాసుకొంటివి? దీన్ని ఒక్కదానివే చెయ్యి. చెప్పలేకపోతే లేచి బయటికి పోవాల."

సవిత ఏదో చెప్పబోయి ఆగిపోయింది. యాసిడ్ పోసింది. ట్యూబు అడుగు మెల్లగా వేడి చేసింది.

క్షణంలో కుళ్ళిన గుడ్ల కంపు లాబ్ అంతా కమ్ముకుంది. ఆడపిల్లలు చున్నీలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మోనికా కొంగు నోటికి చుట్టుకుని తలుపులు బార్లా తెరిచింది. గోపాలప్ప జేబురుమాలు తీసి ముక్కు మీద అదుముకున్నాడు.

సవిత మాత్రం కదల్లేదు. పాఠంలో నేర్పినట్టే ట్యూబును కాస్త దూరంగా పట్టుకుని, అరచేత్తో గాలిని తన వైపు విసురుకుంది. ఆగి, మళ్ళీ విసురుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెప్పమ్మా, ఏం వాసన?" రుమాలు వెనకనుంచి అడిగాడు గోపాలప్ప.

సవిత దూరంగా ఉన్న సెల్విన్ వైపు చూసింది. తర్వాత లాబ్‌లో ఉన్న అందరినీ ఒకసారి చూసింది.

"అందరూ ముక్కు మూసుకొనుండారు, అంటే ఏదో చెడ్డ వాసనే ఉండాల సార్... కరోనా వచ్చిపోయినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలీదు."