పులస కథకు ఆధారాలు

చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చిన పెద్దాయన, ఒక లావుపాటి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ పత్రికలో కథలు కూడా వేస్తారని పేపర్లో చూశానండి."

లక్ష్మీదుర్గ తలెత్తింది. గోదావరి మీద పరిశోధన వ్యాసాలు అచ్చేసే ఆ రాజమండ్రి పత్రికకు ఆవిడ ఎడిటరై మూడు నెలలు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, రాగానే ఒక శీర్షిక పెట్టేసింది: రేపటి గోదావరిని ఊహించి రాసిన వింత కథలు. అంకెలు చెప్పలేనిది కథ చెబుతుందని ఆవిడ నమ్మకం.

పరిశోధన పత్రికలో కథలేంటని కమిటీ పెద్దలు పెదవి విరిచారు. మొదటి కథకు ఏ మచ్చ వచ్చినా శీర్షిక ఎత్తేస్తామన్నారు.

పెద్దాయన పేరు చిట్టియ్య. ధవళేశ్వరంలో చేపలు పట్టుకుని బతికే మనిషి. కథ ఎందుకు రాశారని అడిగితే నోటుబుక్కు అట్టను అరచేత్తో తుడిచాడు.

"నా పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఉందండి."

ఆయన వెళ్లగానే చదవడం మొదలుపెట్టిన లక్ష్మీదుర్గ, టీ చల్లారిపోయినా లేవలేదు.

కథలో ఒక ఏడాది సముద్రం నుంచి పులస చేపలు రావు. గోదారే వాటిని వెతుక్కుంటూ పట్టపగలు లేచి సముద్రంలోకి నడిచిపోతుంది. కొవ్వూరు జనం ఇసుకలో నడుచుకుంటూ రాజమండ్రి వచ్చేస్తారు. అక్కడ సముద్రంలో గోదారి ఒక్కో చేపనూ ఆపి, నా నీళ్ల రుచి గుర్తుందా అని అడుగుతుంది.

ఇంత వింత ఈయనకెలా తట్టిందో! మధ్యమధ్య వచ్చే సంగతులు ఇంకా వింత. వరద ఎర్రనీరు దిగిన ఎన్నో రోజుకి చేప ఏటికి ఎదురెక్కుతుందో, ఏ రేవు దగ్గర ఆగి సేద తీరుతుందో, అన్నీ చూసినట్టే రాశాడు.

ఇవన్నీ ఈయనకెలా తెలుసు?

ఆ కుతూహలమే కొంప ముంచింది. కథను టైపు చేయించి, వ్యాసాలన్నిటికీ చేసినట్టే, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది. తెర నిండా ఎర్ర గీతలు. నలభై వాక్యాలు తమ పత్రిక పాత సంచికల్లోవే, మాట మారకుండా. పదకొండు ఆవిడ సొంత థీసిస్‌లోవి.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. పిలిచి అడగొచ్చు. అడగలేదు. చిట్టియ్య గారి కథ ఇతరుల రచనల నుంచి కాపీ చేసినదని తేలింది కాబట్టి ప్రచురించడం లేదంటూ ఉత్తరం ప్రింటు తీయించి పోస్టు చేసింది. జవాబు రాలేదు.

రెండు నెలల తర్వాత, కొత్త సంచిక తీసుకెళ్లడానికి తాతాజీ గారు వచ్చారు. పత్రిక పెట్టిందీ ఆయనే, ఆవిడ చేత పీహెచ్‌డీ చేయించిందీ ఆయనే. దొంగను ఎలా పట్టుకుందో గొప్పగా చెప్పి, నోటుబుక్కు ఆయన ముందు పెట్టింది లక్ష్మీదుర్గ.

తాతాజీ గారు ఆ చేతిరాత చూశారు. రెండో పేజీ తిప్పలేదు.

"ఆయనకి ఫోన్ చెయ్యమ్మా. ఇప్పుడే."

ఫోన్ ఎత్తింది చిట్టియ్య కూతురు లోవమ్మ.

"నాన్న పోయి పదిహేను రోజులైందండి. మీ ఉత్తరం ట్రంకుపెట్టెలో దాచుకున్నాడండి. ఎందుకు నాన్నా అంటే, నా పేరు అచ్చులో పడింది ఈ ఒక్క కాయితం మీదేనమ్మా అన్నాడండి."

లక్ష్మీదుర్గ ఫోన్ పెట్టేసి, విన్నది తాతాజీ గారికి చెప్పింది. ఆయన ఎవరు సార్ అని అడిగింది.

"చేపల వేట సంగతులు చెప్పినవాళ్ల పేర్లు మనం వ్యాసాల్లో రాయం కదమ్మా, నంబరు వేస్తాం. ఏటా వరదలు తగ్గాక ఒకాయన తను చూసిందంతా రాసి పంపేవాడు. నేను ఆ వాక్యాలు అలాగే ఎక్కించేవాణ్ణి."

ఆయన నోటుబుక్కు మూసి రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"ముప్పై ఏళ్ల నా వ్యాసాల్లోనూ, నా నోట్సు చూసి నువ్వు రాసిన థీసిస్‌లోనూ ఉన్న సమాచారదాత నంబర్ ఒకటి, ఈ చిట్టియ్యేనమ్మా."