రెండు నిలువుల లోతున

ఇంజన్ బెల్టు మూడోసారి వీపు మీద పడేసరికి లింగయ్య మోకాళ్ల మీద కూలిపోయాడు. నోట్లోంచి రక్తంతో పాటు ఒక పన్ను ఊడి ఇసుకలో పడింది.

"పడవ ఏది బే?" అన్నాడు భాస్కర్.

"చెప్పిన గద పటేలా. ముంచి పెట్టిన."

"నా తమ్మునితోని కలిపి ముంచినవా?"

బెల్టు మళ్లీ లేచింది.

భాస్కర్‌కు మిర్యాలగూడలో రెండు రైస్ మిల్లులు, కోదాడలో ఒక ఫంక్షన్ హాలు. తమ్ముడు మహేష్‌కు కృష్ణ ఒడ్డున ఇసుక దందా. పది రోజుల కిందట మహేష్ కనిపించకుండా పోయాడు. అతని బుల్లెట్ బండి మాత్రం పులిచింతల బ్యాక్‌వాటర్ ఒడ్డున, లింగయ్య పడవ కట్టే రేవు దగ్గర దొరికింది. రేవులో పడవ లేదు. లింగయ్య చేపలు పట్టేవాడు. పట్టిన చేపల్లో వాటా ఇవ్వనన్నందుకు మహేష్ చేతిలో నలుగురి ముందు తన్నులు తిన్నవాడు. ఇంకేం కావాలి? పోలీసుల దగ్గరికి పోయే అలవాటు భాస్కర్ ఇంటా వంటా లేదు.

"ఎండలకు కట్టె పడవ ఒడ్డు మీదుంటే పలకలు విచ్చుకుంటయి పటేలా," అన్నాడు లింగయ్య రొప్పుతూ. "ఏటేటా బరువేసి నీళ్లల్ల ముంచుత. వానలు పడ్డంక లేపుత. ఎవలనన్న అడుగు. నమ్మకపోతే మనిషిని దింపి సూపియ్యి. నీ తమ్ముడు అండ్ల ఉంటే నన్ను గీడనే నరుకు."

ఆ మాట మీద పిలిపించిన మనిషి బాల్యా.

బాల్యాది గరిడేపల్లి అవతల తండా. కంకర క్వారీలో డ్రిల్లు పట్టి బండలు పగలగొడతాడు. కాల్వలో ఎవరైనా మునిగితే సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా అందరూ అతనికే ఫోన్ చేస్తారు. ఊపిరి బిగబట్టి మూడు నిమిషాలు నీళ్ల అడుగున ఉండగలడు. నిరుడు దీపావళి ముందు కూతురు సుక్కి ఇసుక ట్రాక్టర్ కింద పడి చనిపోయినప్పటి నుంచి మాట తగ్గించాడు.

వచ్చి ఒడ్డు మీది రేకుల షెడ్డు గుంజకు ఆనుకొని కూర్చున్నాడు.

"ఏడ ముంచినవ్ లింగన్నా?"

"తుమ్మల మడుగుల. రెండు నిలువుల లోతు."

"గంత లోతుకెందుకు?"

"పైపైన పెడితే మహేష్ పటేల్ మనుషులు ఎత్కపోతున్నరు."

నిజం చెప్పినందుకు ఇంకో దెబ్బ పడింది.

బాల్యా భాస్కర్ వైపు తిరిగాడు. "పోయి రాను ఇంజన్ పడవ మీద రెండు గంటలు పటేలా. అడుగున అంత బురద, తుమ్మకంప. ముంచి పెట్టిన పడవల ఏముంటది? దండుగ పని. నేను పోత."

లేచి భుజం మీది తువ్వాలు దులిపాడు కూడా.

లింగయ్య పాక్కుంటూ పోయి అతని కాళ్లు పట్టుకున్నాడు. ఆ మడుగు అడుగుకు దిగి చూసి చెప్పగల మనిషి ఇంకొకడు లేడు. "బాల్యా, నీ కాల్మొక్త. ఒక్కసారి దిగి సూడు. నువ్వు పోతే నన్ను సంపుతరు."

భాస్కర్ నవ్వాడు. "ఈతగాడే దండుగ అన్నంక ఇగ నీ కథ ఖతం."

భాస్కర్ మనుషులిద్దరు లింగయ్య కుడి చెయ్యి లాగి దుంగ మీద తొక్కిపట్టారు. గొడ్డలి మొదటి వేటుకు చిటికెన వేలు తెగి దూరంగా పడింది. లింగయ్య గొంతు పగిలేలా అరిచాడు. రెండోది మెడ మీద వెయ్యమన్నాడు భాస్కర్, టీ తెమ్మన్నంత తేలిగ్గా.

బయటికి అడుగు పెట్టిన బాల్యా ఆగాడు. నీళ్ల వైపు ఒకసారి, లింగయ్య వైపు ఒకసారి చూశాడు.

"ఆపుండ్రి," అన్నాడు. "పడవ తియ్యుండ్రి. దిగుత."

మడుగు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. లింగయ్య చేతికి గుడ్డ చుట్టారు. మెడకు తాడు బిగించి, రెండో కొస ఇనుప లంగరుకు కట్టారు. మహేష్ శవం పైకి వస్తే లంగరు కిందికి పోతుంది.

"అబద్ధం ఆడితే నీకు గూడ గిదే తాడు," అన్నాడు భాస్కర్ బాల్యాతో. "నోటి మాట నమ్మ. అండ్ల ఏముంటే అది పట్కరా."

బాల్యా దూకాడు. కాసేపు బుడగలు వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. భాస్కర్ లంగరు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. నీళ్లలో చిన్న కదలిక వచ్చినా ఆ కాలు కదులుతోంది, లింగయ్య మెడకున్న తాడు బిగుస్తోంది.

బాల్యా తేలాడు. కంప గీరి ఒళ్లంతా రక్తం. తలకాయంత నల్లరాయి ఒకటి పడవ అంచు మీద పెట్టాడు. దాని ఒక పక్క డ్రిల్లు దింపిన గాడి ఉంది.

"నిండ రాళ్లే పటేలా. మనిషి లేడు."

భాస్కర్ ఆ రాయిని లింగయ్య ముందుకు తన్నాడు. "నీదేనా?"

లింగయ్య ఎడమ చేత్తో రాయిని తిప్పి చూశాడు. గాడిని వేలితో తడిమాడు. తలెత్తి బాల్యా వంక చూశాడు. పడవ అంచు పట్టుకొని వేలాడుతున్న బాల్యా కళ్లు దించలేదు.

"నాదే," అన్నాడు లింగయ్య. "అన్ని నేనేసిన రాళ్లే."

భాస్కర్ నీళ్లలోకి ఉమ్మేశాడు. తాడు కోసెయ్యమన్నాడు. తమ్ముడితో పడని ఇంకో పేరేదో గుర్తు చేసుకుంటూ ఇంజన్ స్టార్ట్ చేయించాడు.

ఉగాది దాటాక ఆ పడవను ముంచినప్పుడు లింగయ్య అందులో వేసినవి యూరియా సంచుల్లో కుట్టిన ఇసుక మూటలు. ఒక్క రాయి కూడా వేయలేదు.