నూట ఇరవయ్యో పేరు

"నూట ఇరవైమందిలో నూట పంతొమ్మిదిమందే పాసయ్యారు. ఆ మిగిలిన ఒక్కరూ ఎవరమ్మా?"

పరంధామయ్యగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. దీవిలో ఓడలు ఆగే హాడో జెట్టీ పక్కనున్న ఆ ఆఫీసులో ఆయన కళ్లజోడు తీశారంటే ఎవరికో మూడిందని అర్థం. ఈసారి ఆ ఎవరో తనేనని కమలాకుమారికి తెలిసిపోయింది.

"నూకరత్నం సర్. ఊడ్చే ఆవిడ. రెండు నెలల కిందట చేరింది."

"నాలుగింటికి రిపోర్టు పైకి వెళ్లాలి. పూరా వందశాతం కనబడాలి. ఒక్కరు తగ్గినా నీ కోర్సు పనికిరాదన్నట్టే. అప్పుడు నీ కాంట్రాక్టు పొడిగించమని నేనెలా రాయను?"

"నలభై నిమిషాలుంది సర్. పాస్ చేయించేస్తాను" అని బయటికొచ్చింది కమల.

భూకంపం వచ్చి సముద్రం పొంగితే ఏం చెయ్యాలో సిబ్బందికి నేర్పే కోర్సు అది. ఉత్త పాఠమైతే ఎవరు చూస్తారని కమల నెలంతా సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని దాన్ని ఆటలా తయారుచేసింది. తెరమీద చీర కట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ. నేల ఊగుతుంది. సముద్రం వెనక్కి పోతుంది. ఇప్పుడేం చేస్తారు? కింద నాలుగు బటన్లు. ఏది నొక్కితే కథ ఆ దారిన నడుస్తుంది. చదువు రానివాళ్ల కోసం తెలుగులోనూ హిందీలోనూ తనే గొంతు కూడా ఇచ్చింది.

నూకరత్నం రికార్డు తెరిచి చూసేసరికి కమలకి కళ్లు బైర్లు కమ్మాయి. ముప్పై ఎనిమిదిసార్లు చేసింది మహాతల్లి! అదీ మొదటిసారే కొండెక్కే బటన్ నొక్కి నూటికి నూరు తెచ్చుకుంది. అక్కడితో లేచి పోవాల్సిన మనిషి 'మళ్లీ ప్రయత్నించండి' అన్నది నొక్కింది. అది నొక్కితే వచ్చిన మార్కులు చెరిగిపోయి కథ మొదటికొస్తుంది. పాసైపోయినవాళ్లకి కూడా ఆ బటన్ ఎందుకు పెట్టారయ్యా అంటే, కమలాకుమారిగారి అతి తెలివి! పోనీ ఇప్పుడు తీసేద్దామంటే, కోర్సు మార్చి ఎక్కించిన మరుక్షణం మిగతా నూట పంతొమ్మిదిమంది మార్కులూ గల్లంతవుతాయి.

పరుగున కంప్యూటర్ గదిలోకి వెళ్లింది. నూకరత్నం చీపురు గోడకి ఆనించి, కుర్చీ అంచున కూర్చుని, మౌస్‌ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. స్పీకర్లోంచి కమల గొంతే జాలిగా పలికింది.

"అయ్యో, మీరు ప్రాణాలు కోల్పోయారు!"

"పిన్నీ, ఏం చేస్తున్నావు నువ్వు?"

"సూస్తన్నానమ్మా. జర రుకో."

"చూడ్డానికేం లేదు. ఆ కొండ బొమ్మ నొక్కి లేచిపో. బస్, అంతే."

"అది నొక్కేను కదా. సానాసార్లు నొక్కేను."

"నొక్కితే మళ్లీ మొదటికెందుకొస్తున్నావు?"

నూకరత్నం తెరవైపు తిరిగింది. ఒడ్డుకి వెళ్లి చూసే బటన్ నొక్కింది. అల వచ్చి బొమ్మని ముంచేసింది. మళ్లీ మొదటికి. ఇంట్లోంచి కాగితాలు తెచ్చుకునే బటన్ నొక్కింది. మళ్లీ అల. మళ్లీ మొదటికి. ఉన్నచోటే ఆగే బటన్ నొక్కింది. మళ్లీ అదే అల. తన గొంతు తనకే వెగటు పుట్టింది కమలకి.

గడియారం పావుతక్కువ నాలుగు చూపిస్తోంది.

"నీకు దణ్ణం పెడతాను పిన్నీ, నా నౌకరీ పోతుంది!" అంటూ మౌస్ లాక్కోబోయింది. నూకరత్నం వదల్లేదు. ఆ బక్క మనిషికి అంత పట్టు ఎక్కడిదో!

"ఇంకో బటన్ ఉండాలమ్మా" అంది.

"లేదు. నాలుగే. పెట్టింది నేను, నాకు తెలీదా? నాలుగూ నొక్కేశావు."

"సరిగ్గా సూడు తల్లీ. ఎక్కడో పెట్టి మరిసిపోయుంటావు."

"మర్చిపోలేదు! నాలుగే! నాలుగే!" కమల అరిచింది. అరిచాక ఏడుపు తన్నుకొచ్చింది. గుమ్మంలోంచి పరంధామయ్యగారి గొంతు వినిపించింది.

"కమలా, ఐదు నిమిషాలు."

ఇక పరువూ మర్యాదా చూసుకోలేదు కమల. నూకరత్నం కుర్చీ పక్కన నేలమీద కూలబడింది.

"పిన్నీ, నీకు ఏ బటన్ కావాలంటే ఆ బటన్ పెడతాను. రేపే పెడతాను. ఈ ఒక్కసారికి కొండెక్కి ఆపెయ్యి."

నూకరత్నం చటుక్కున ఇటు తిరిగింది. "సచ్‌ముచ్ పెడతావా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"పెట్టడం నీ సేతిలోనే ఉందా?"

"నా చేతిలోనే ఉంది పిన్నీ. అదంతా చేసిందే నేను. తొందరగా నొక్కు."

నూకరత్నం కొండెక్కే బటన్ నొక్కింది. బొమ్మ గబగబా పైకెక్కి నిలబడింది. కింద అల వచ్చి పోయింది. "శభాష్! మీరు క్షేమం!" అంది స్పీకరు. నూకరత్నం మౌస్ వదిలేసింది. కమల ఒక్క ఉదుటున వెళ్లి రిపోర్టు తెరిచింది. నూట ఇరవైకి నూట ఇరవై. పంపింది. వెళ్లింది. గుమ్మంలో పరంధామయ్యగారు తల పంకించి, కళ్లజోడు పెట్టుకుని వెళ్లిపోయారు. ఉద్యోగం నిలబడింది.

గుండెలనిండా గాలి పీల్చుకుని, కమల నవ్వుతూ నూకరత్నం భుజం మీద చెయ్యి వేసింది. "బతికించావు పిన్నీ! ఇప్పుడు చెప్పు, నీకు ఏం బటన్ కావాలి?"

నూకరత్నం చీపురు అందుకుని, తెరమీద కొండెక్కి నిలబడ్డ బొమ్మ వంక చూసింది.

"సంద్రం పొంగిన రోజు నేనూ అలాగే ఒక్కదాన్నే కొండెక్కి బతికేనమ్మా, మా పిల్ల సీతాలు బతికే బటన్ రేపు పెట్టెయ్యి, పొద్దున్నే వచ్చి నొక్కుతాను."