తాళంచెవి చోటు

ఈ పొద్దున ప్రిన్సిపాల్ గారి కొత్త కళ్ళజోడుకి కంపెనీ చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఆమె నా కథను బల్ల మీద పెట్టి, లాయరైన మా మావయ్య వైపు జరిపారు. నేను చదువుకున్న స్కూలు పత్రికలో రావాల్సిన నా మొదటి కథ అది. అందులో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి లెక్కల ప్రశ్నపత్రం దొంగిలిస్తుంది.

"ఇది వేస్తే పిల్లలకు దొంగతనం నేర్పినట్టేనండీ," అన్నారామె.

"దొంగతనం చేస్తే నేరం గానీ, దాని గురించి రాస్తే కాదు మేడమ్. రాసినవాళ్ళందరినీ లోపలేస్తే మీ లైబ్రరీ సగం ఖాళీ," అన్నాడు మావయ్య.

"ప్రశ్నపత్రాలుండే బీరువా తాళంచెవి గోడగడియారం వెనక ఉంటుందని కూడా రాసిందండీ. పన్నెండేళ్ళుగా నేను పెడుతున్నది అక్కడే."

"అయితే తాళంచెవి చోటు మార్చండి. కథెందుకు మార్చడం?"

ఆమెకు నవ్వాగలేదు. "అసలు ఈ పిల్లకి ఇదంతా ఎలా తెలిసింది?"

"ఊహేనండీ. నోట్లో నాలుక లేదు గానీ, దీని బుర్ర నిండా ఊహలే."

నేను తల దించుకున్నాను. ఆమె కథ చివర 'అచ్చుకు' అని రాసి సంతకం చేశారు.

తొమ్మిదో తరగతి లెక్కల్లో నాకు నూటికి నూరు వచ్చాయి.