పరీక్షలో అంత అడగరు

కారును రెండు వీధుల అవతలే ఆపేసి, టోపీని కనుబొమల దాకా లాక్కుని, అతను టీచరమ్మ ఇంటి మెట్ల దగ్గర నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. అయినా ఇంకోసారి చూసి, గబగబా పైకెక్కాడు.

యాభైకి దగ్గరపడిన మనిషి ప్రైవేటుగా పదో తరగతికి కట్టాడు. తక్కిన సబ్జెక్టులన్నీ ఎలాగో గట్టెక్కాయి. సైన్సు ఒక్కటీ మిగిలిపోయింది.

ఎనిమిదితోనే బడికి స్వస్తి చెప్పి, ఓ పెద్దాయన దగ్గర పనికి కుదిరినవాడు అతను. కూర్చోబెట్టి నేర్పిన వాళ్లెవరూ లేరు. పక్కన నిలబడి చూసి చూసి పట్టేశాడు. పెద్దాయన పోయాక మకాం మార్చి, ఎవరూ ఎరగని చోట సొంతంగా పెట్టుకున్నాడు. చెయ్యి మంచిదని పేరొచ్చింది. ఇల్లొచ్చింది, కారొచ్చింది. ఎదురుపడితే జనం లేచి నిలబడేంత మర్యాదా వచ్చింది.

"లేనిదల్లా ఈ పదో తరగతే. ఆ ఒక్కటీ అయిపోతే ఇక మనల్ని వేలెత్తి చూపేవాళ్లుండరు," అంది భార్య. పరీక్షకు కట్టించింది కూడా ఆవిడే.

టీచరమ్మ ఎప్పుడో రిటైరైంది కానీ ఆవిడ గొంతు మాత్రం రిటైరవలేదు. ఏదో వ్యాపారం చేస్తానని అతను చెబితే నమ్మింది. పెద్దవాడు కదా అని వదిలిపెట్టే రకం కాదు. తప్పు చెబితే స్కేలుతో బల్ల మీద ఠపీమని కొట్టేది.

"చదువుకోడానికి సిగ్గెందుకు బాబూ? ఇల్లు దోచుకోడానికి వచ్చినవాడిలా ఆ దిక్కులు చూడ్డమేంటి? టోపీ తీసి కూర్చో."

మొదట్లో బాగానే సాగింది. అద్దాలు, కటకాలు, ఆమ్లాలు, క్షారాలు అన్నీ బట్టీ పట్టేశాడు. చిక్కంతా మనిషి శరీరం దగ్గరే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ బోర్డు మీద బొమ్మ గీసింది. చిక్కుడు గింజల్లా రెండు మూత్రపిండాలు. కింద సంచిలా మూత్రాశయం. వాటిని కలుపుతూ రెండు సన్నటి గొట్టాలు.

"ఇవి మూత్రనాళాలు."

అతని పెన్ను ఆగిపోయింది. "రక్తనాళాలు కావా అవి?"

"కాదయ్యా మహానుభావా! ఇంతసేపూ ఏం విన్నావు?"

"అవి ముడిపడి మూసుకుపోతే ఏమవుతుంది మేడమ్?"

"మూత్రం వెనక్కి తన్నుతుంది. మూత్రపిండం చెడిపోతుంది."

"ఆ సంగతి మనిషికి తెలుస్తుందా? ఎన్నాళ్లకు తెలుస్తుంది?"

"పరీక్షలో అంత అడగరులే. బొమ్మ వెయ్యి, భాగాల పేర్లు రాయి. నాలుగు మార్కులు నీవే."

అతను బొమ్మ వెయ్యలేదు. మంచినీళ్లు అడిగి తాగబోతే గ్లాసు పళ్లకు తగిలి టకటకలాడింది. టీచరమ్మ స్కేలు పక్కన పెట్టేసింది.

"ఒంట్లో ఏమైనా ఇబ్బందా బాబూ? డాక్టరుకు చూపించుకున్నావా?" అంది మెత్తగా.

అతను లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజుతో కుదురు పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు. పనికని వెళ్లి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, ఏదో వంక చెప్పి ఇంటికొచ్చేసేవాడు. పుస్తకాన్ని విసిరికొట్టేవాడు. కాసేపటికి తనే వెతుక్కుని, ఆ పేజీయే తీసేవాడు.

"ఆ పుస్తకం పట్టినప్పటి నుంచీ మీ చెయ్యి వణుకుతోంది. ఒక్క పరీక్షకే ఇంత బెంబేలా?" అంది భార్య.

"ఏమీ తెలియనప్పుడే నయం. ధైర్యంగా ఉండేవాణ్ణి."

"ఇప్పుడేమొచ్చింది?"

"చదివేకొద్దీ భయమేస్తోందే. అన్నీ వదిలేద్దాం. ఎక్కడికైనా పోయి చిన్న కొట్టు పెట్టుకుందాం."

"మిమ్మల్నే నమ్ముకుని వచ్చేవాళ్లకు ఏం చెబుతారు? ఎందుకు మానేశానని చెబుతారు?"

అతను పుస్తకాన్ని మంచం కిందికి తోసేశాడు.

"ఊరుకోండి. ముందు పరీక్ష రాయండి," అంటూ ఆవిడ పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టింది.

పరీక్ష హాల్లో అతనికి చివరి బెంచీ దొరికింది. ప్రాణం కాస్త కుదుటపడింది. ప్రశ్నపత్రం తిప్పితే ఆ బొమ్మే కనబడింది. చిత్రంగా చెయ్యి వణకలేదు. చిక్కుడు గింజలు, సంచి, గొట్టాలు, అన్నీ శ్రద్ధగా గీశాడు. పేర్లు రాశాడు. ఎవరూ అడక్కపోయినా, గొట్టాల పక్కన 'ఇవి రక్తనాళాలు కావు' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. రెండో గీతకు కాగితం చిరిగింది.

తలెత్తేసరికి ఇన్విజిలేటరు తననే చూస్తున్నాడు. కుర్రవాడు కాదు, పెద్దవాడూ కాదు. వెళ్లాడు, మళ్లీ వచ్చాడు.

"టోపీ తియ్యండి."

తీశాడు.

"హాల్ టికెట్."

ఇచ్చాడు. ఇన్విజిలేటరు ఫొటో చూశాడు, మొహం చూశాడు, చిరిగిన కాగితం మీది బొమ్మ చూశాడు.

"నా దగ్గర చిట్టీలేమీ లేవు సార్. కావాలంటే జేబులు చూసుకోండి."

ఇన్విజిలేటరు జేబుల జోలికి పోలేదు. బెంచీ అంచు పట్టుకుని వంగి, పక్కవాళ్లకు వినబడకుండా అడిగాడు:

"రేపు పొద్దున మా అమ్మకు ఆపరేషన్ చెయ్యబోయే డాక్టరుగారు మీరే కదూ?"