శెనక్కాయ ముద్ద డబ్బా

తెరవని డబ్బాలో ఏముందో ఆ ముసలామె చూసీ చూడగానే చెప్పింది.

"శెనక్కాయ ముద్దమ్మా అది. బిడ్డకు పెట్టొచ్చు."

ఆమె ఎవరో పరగోడులో ఎవరికీ తెలియదు. సుజాతమ్మ వాకిట్లో ఆగి దాహమంది. చెంబు అందుకుంటూ లోపలికి తొంగిచూసింది.

గూట్లో డబ్బా. దాని కింద చాప మీద సుజాతమ్మ కూతురు.

రెండేళ్ళ బిడ్డ. తట్టు పోసి తగ్గి నెల దాటినా లేచి నిలబడలేదు. రాగిగంజి పోస్తే రెండు గుక్కలకే తల తిప్పుకునేది. యుద్ధం రోజులు, అన్నీ రేషన్. ఇంట్లో ఆవు వట్టిపోయింది. పొద్దున లేస్తూనే సుజాతమ్మ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది.

డబ్బా వచ్చి పదిరోజులైంది. బస్సు కండక్టరు పాపన్న మలుపులో బస్సు ఆగీ ఆగకముందే దాన్ని ఆమె చేతిలో పెట్టి, మిలిటరీ నుంచి వచ్చిందని కేకేసి పోయాడు. పరగోడు నుంచి మిలిటరీకి పోయింది సుజాతమ్మ భర్త మునికృష్ణప్ప ఒక్కడే.

డబ్బా మీదంతా ఇంగ్లీషు. సుజాతమ్మ చదువు కన్నడ స్కూల్లో మూడో తరగతితో ఆగిపోయింది. ఆడిస్తే లోపల చప్పుడు లేదు. బండి ఇరుసుకు పూసే కందెన అయివుంటుందని అత్త కెంపమ్మ తేల్చేసింది.

ఆ ముసలామె డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"దానికి కాళ్ళొస్తాయి, చూసుకోవే," అని కెంపమ్మ కోడలి చెవిలో అంది.

చివరికి ముసలామే కత్తిమొనతో మూత లేపింది. వేయించిన శెనక్కాయల వాసన ఇల్లంతా పరుచుకుంది.

చాప మీద బిడ్డ తల ఇటు తిప్పింది.

"మన చేన్లో కాసేవే. దేశాలు తిరిగొచ్చినాయి," అందామె.

గోరంత ముద్ద తీసి వెచ్చని గంజిలో కలిపింది. ఇంత బెల్లం వేసి బిడ్డ పెదవులకు రాసింది. బిడ్డ నాకింది. మళ్ళీ నోరు తెరిచింది.

సుజాతమ్మ డబ్బాలోంచి ఇంకాస్త ముద్ద తీయబోయింది.

"ఒకే దినం పెట్టేస్తే కడుపు చెడతాది తల్లీ. పంట చేతికొచ్చేదాకా సాగదియ్యాల. నేనొస్తాలే."

అన్నట్టే, బాగేపల్లి సంతకు పోతూ వారం వారం వచ్చేది.

ఒక వారం చింతపండూ ఎండుమిరపకాయలూ నూరి, ఆ ముద్ద కలిపి సంగటిలోకి ఊరుబిండి చేయించింది. ఇంకో వారం నీళ్ళలా ఉన్న వంకాయ పులుసులో ఒక్క చెంచా వేస్తే కవ్వంతో చిలికినట్టు చిక్కబడింది. కెంపమ్మ రెండోసారి వేయించుకుంది కానీ బాగుందని మాత్రం అనలేదు.

రాగులు వేయించి విసిరిన పిండిలో బెల్లం, ముద్ద కలిపి చిన్న చిన్న ఉండలు చేసేది. వాటిని బిడ్డ నోటికి ఇవ్వదు. జానెడు దూరంలో పెడుతుంది. బిడ్డ ఉండ కోసం పాకింది. పై వారం ఉండలు గోడ గూటికి ఎక్కాయి. బిడ్డ గోడ పట్టుకుని నిలబడింది.

ఇంత చేసినా ఆమె వేలు కూడా నాకేది కాదు. సంగటి పెడతామంటే వద్దనేది. పేరడిగితే మాట మార్చేది.

మధ్యలో మునికృష్ణప్ప జాబు వచ్చింది. తాను కులాసా అని రాశాడు. డబ్బా ఊసే లేదు. మగవాళ్ళకు పంపింది గుర్తుండదులే అని కెంపమ్మ సర్దిచెప్పింది.

డబ్బా అడుగంటింది. ముసలామె వేడినీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళతోనే చారు కాచింది.

ఆ రోజే బిడ్డ గోడ వదిలేసి నాలుగడుగులు వేసి ఆమె మోకాళ్ళ మీద పడింది. ఆమె బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

పోయేముందు, మొదటిసారిగా ఒకటి అడిగింది.

"ఖాళీ డబ్బా నాకిస్తావా తల్లీ?"

సుజాతమ్మ అత్త వైపు చూసింది.

"ఉప్పు పోసుకోవాల మేము," అంది కెంపమ్మ. "ఇన్ని దినాలు తిరిగింది దీనికా?"

ఆమె సరేనన్నట్టు తల ఊపి బాట పట్టింది. సుజాతమ్మ వెనక్కి పిలవాలనుకుంది. పిలవలేదు.

ఆమె మళ్ళీ రాలేదు.

రెండు నెలలకు పాపన్న వచ్చాడు. ఇన్నాళ్ళూ చలిజ్వరంతో మంచం పట్టి అప్పుడే లేచినవాడు. కోడిపిల్ల వెంట పరుగెత్తుతున్న బిడ్డను చూసి నవ్వుతూ తిన్నె మీద కూర్చున్నాడు.

"ఒక పొరబాటైందమ్మా. ఆ డబ్బా మీది కాదు. సెలవుకొచ్చిన సిపాయి ఒకడు, పరగోడు మలుపులో మిలిటరీవాని ఇంటికి ఇమ్మన్నాడు. మీ ఇల్లే అనుకొన్నా. గుట్ట అవతల పుట్టమ్మ కొడుకూ మిలిటరీలో ఉండాడని నాకేం తెల్సు? ఆ సిపాయి తిరిగి బస్సెక్కినప్పుడు చెప్పినాడు, కొడుకు పంపింది పుట్టమ్మకనీ, అందులో ఉండేది శెనక్కాయ ముద్దనీ. ఆమెకు నేనే చెప్పినా, మీ ఇంటికి పోయి అడిగి తీసుకో అని. తీసుకపోయిందా?"



కెంపమ్మ లేచి గూట్లోని డబ్బా దించింది. ఉప్పంతా చేటలో కుమ్మరించి, డబ్బాను కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడే పోయి ఇచ్చొస్తామన్నా," అంది సుజాతమ్మ బిడ్డను చంకనేసుకుంటూ. "ఆమె కొడుక్కు కూడా జాబు రాయిస్తా. వాని డబ్బాతోనే నా బిడ్డ లేచి నడిచిందని."

పాపన్న తల వంచుకున్నాడు.

"ఆమె ఊరిడిసి పోయిందమ్మా. డబ్బా కోసం మీ వాకిట్లో నిలబడిన పొద్దుకే, కొడుకు యుద్ధంలో పోయినాడని తంతి వచ్చి ఎనిమిది దినాలు. వాడు తినకుండా దాచి అమ్మకు పంపింది అదొక్కటే."