నాలుగు స్క్రూల వెనక

షాపతను భోజనం చేసి వచ్చేసరికి, పొద్దున తన చేతులతో బిగించిన కంప్యూటర్‌ను ఎవరో విప్పి మళ్లీ మూశారు.

వెనకవైపు నాలుగు స్క్రూలు తళతళ మెరుస్తున్నాయి. తను వేసినవి నల్లవి.

గబగబా కంప్యూటర్ పక్క మూత తీశాడు.

ప్రాసెసర్ ఉంది. మెమరీ ఉంది. గ్రాఫిక్స్ కార్డూ ఉంది. దొంగ అన్నవాడు ముందు చెయ్యి వేసేవన్నీ పదిలంగా ఉన్నాయి.

పోయింది పవర్ సప్లై. గోడ నుంచి వచ్చే కరెంటును లోపలి భాగాలకు పంచే ఇనపడబ్బా. దాని స్థానంలో ఇంకో కంపెనీది, బరువైనది, దానికి మూడింతల ఖరీదైనది దర్జాగా కూర్చుంది.

షాపతను కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నడుము అరిగింది, చూపు తగ్గింది. చౌక సరుకు పట్టుకుపోయి ఖరీదైనది వదిలిపెట్టే దొంగను మాత్రం ఇంతవరకూ చూడలేదు.

ఎక్కడో కాలిపోయినదాన్ని తుడిచి అంటగట్టి ఉంటాడు, అనుకున్నాడు.

ఎవరా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. షాపు చూస్తూ ఉండమని ఒప్పజెప్పి వెళ్లింది ఒక్కరికే.

సలహాలరావుకి.

ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. మూడు నెలలుగా రోజూ వస్తాడు, ఏమీ కొనడు. బల్ల మీద కూర్చుని, ఎవరేది కొంటున్నా ఓసారి చేతిలోకి తీసుకుంటాడు. "అది వద్దు బాబూ, తేలిగ్గా ఉంది" అంటాడు.

"ఇదేమైనా ఉల్లిపాయల కొట్టా పెద్దాయనా, తూకం చూడ్డానికి?" అని షాపతను విసుక్కునేవాడు.

గోడ గడియారం మూడు చూపిస్తోంది. ఐదింటికి నర్సమ్మ వస్తుంది, ఈ కంప్యూటర్ కోసమే.

పోయిన వారం ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిందామె. నిలబడే కునికిపాట్లు పడుతోంది.

"మా తమ్ముడికి, అన్నా. నడుము పడిపోయి రెండేళ్లయింది. చేతులు మాత్రం చురుకే. ఆటలాడుతూ లైవ్‌లో అందరికీ చూపిస్తాడట. నాకేం అర్థమై చావదు. వాడు నవ్వుతుంటాడు, అంతే చాలు."

"రోజంతా ఆన్‌లోనే ఉంటుందా అమ్మా?" అని మధ్యలో దూరింది సలహాలరావే.

"ఉంటుంది బాబాయిగారూ. నేను బయట తాళం వేసుకుని డ్యూటీకి పోతాను. వాడు లేచి తలుపు తియ్యలేడుగా."

తీరా చూస్తే ఆమె దాచిన డబ్బు చాల్లేదు. మైకు కావాలి, కెమెరా కావాలి. గ్రాఫిక్స్ కార్డు తగ్గిస్తే ఆట నత్తనడక. ప్రాసెసర్ తగ్గిస్తే లైవ్ ఆగి ఆగి వస్తుంది. చివరికి షాపతను అందరూ కోసే చోటే కోశాడు. ఎవరూ అడగని పవర్ సప్లై దగ్గర.

"స్టిక్కర్ మీద ఐదొందల యాభై వాట్లని ఉంది. దీనికి బోలెడు" అన్నాడు.

ఇప్పుడు ఆ డబ్బానే మాయమైంది.

షాపు బయట మెట్ల మీద చప్పుడైంది. సలహాలరావు చేతిసంచితో మెల్లగా కిందికి దిగుతున్నాడు. షాపతను రెండంగల్లో వెళ్లి చొక్కా పట్టుకున్నాడు.

"సంచిలో ఏముంది?"

ముసలాయన సంచి వెనక్కి లాక్కున్నాడు. షాపతనే సంచి లాగి చూశాడు. తన పవర్ సప్లై!

"ఇంట్లో మనిషిలా నమ్మి షాపు అప్పజెప్పానే! సిగ్గు లేదూ?"

"అరవకు బాబూ. బీపీ పెరుగుతుంది."

"దానిక్కూడా సలహానా!"

పట్టి కుదిపిన కుదుపుకి ముసలాయన చొక్కా బొత్తాలు రెండు తెగిపడ్డాయి. కళ్లజోడు జారి మెట్టుకు కొట్టుకుని, ఒక అద్దం పగిలింది. చుట్టుపక్కల షాపులవాళ్లందరూ తలలు బయట పెట్టారు.

ప్రింటర్లు అమ్మే ఆవిడ ఎదురు షాపులోంచి పరుగెత్తుకొచ్చింది.

"వదిలెయ్ తమ్ముడూ! పోయిన నెల మా షాపులోనూ ఇదే చేశాడు. నేనూ నోటికొచ్చినట్టు తిట్టి తరిమేశాను. తర్వాత విప్పించి చూస్తే, ఈయన పెట్టింది సరికొత్తది!"

"మరి తీసుకున్నది?"

"అలాంటిదే నా దగ్గర ఇంకోటుంది. మూడో రోజున పొగ కక్కింది."

షాపతని పట్టు సడలింది. సంచిలోని డబ్బాను బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్‌తో మూత ఊడదీశాడు. లోపల సగం ఖాళీ. వెంట్రుకల్లాంటి తీగలు. ఐదొందల యాభై కాదు, మూడొందల వాట్లు మోసినా గొప్పే.

తాళం వేసిన గది కళ్ల ముందు మెదిలింది. మంచం మీది నుంచి లేవలేని కుర్రాడు.

వెళ్లి ముసలాయన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఒక్క మాట నాతో చెప్పి ఉంటే నేనే మార్చేవాణ్ణిగా పెద్దాయనా? ఈ దొంగతనమెందుకు, ఈ తిట్లెందుకు?"

"చెబితే, విప్పకుండానే ఎలా తెలుసని అడుగుతావు."

"ఇప్పుడడుగుతున్నాను. ఎలా తెలుసు?"

సలహాలరావు ఒంటి అద్దంలోంచి ఆ డబ్బాకేసి చూశాడు.

"ఆ కంపెనీ నాదే బాబూ. లోపల మూడొందలేనని తెలిసి, ఐదొందల యాభై అని స్టిక్కర్లు కొట్టించింది నేనే."